సౌభాగ్యం చెయ్యెత్తింది

పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో రవికలు కుట్టే సౌభాగ్యానికి నోటి దురుసు మనిషని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకుంది. చంక దగ్గర బిగుతైందని రవిక పట్టుకొచ్చిన ఆడమనిషితో, "రవిక బిగుసుకోలా, నువ్వు లావైనావు" అని మొహం మీదే అనేది. అలా అనిపించుకుని కూడా ఆ వీధి ఆడవాళ్ళు ఇంకొకరి దగ్గర కుట్టించుకునేవాళ్ళు కాదు. ఎందుకంటే ఆమె కుట్టిన రవిక ఎక్కడా లాగదు. ముందు విప్పడానికి వీలుగా పొడుగు కుట్లు మాత్రం వేసి, తొడిగించి, "చెయ్యి పైకెత్తు" అనేది. చెయ్యి దించుకుని నిలబడితే ప్రతి రవికా బాగానే ఉంటుంది. చెయ్యి ఎత్తినప్పుడే లోపలి లైనింగు ఎక్కడ పైబట్టను పట్టుకుని లాగుతోందో తెలుస్తుంది. లాగిన చోట బట్ట మీద చిన్న గుంట పడుతుంది. ఆ కుట్టు విప్పి మళ్ళీ వేసేది. ఇరవై ఏళ్ళుగా ఆమె పని ఇదే.

వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభై నాలుగు ఆగస్టు నెల అది. ఫ్రెంచివాళ్ళు ఇవాళ పోతారు, రేపు పోతారు అని పుదుచ్చేరి ఊరంతా చెప్పుకుంటున్న రోజులు. సౌభాగ్యం తన కోసం కుట్టుకున్న రవిక తొడుక్కుని అద్దం ముందు చెయ్యెత్తింది. ఎడమ పక్క గుంట పడింది. తన చేతి కుట్టే తనకు ఎదురు తిరిగిందని ఒళ్ళు మండి, విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ గుంట. మూడోసారి రవిక మొత్తం తీసేసి చెయ్యెత్తి చూసుకుంది. గుంట బట్టలో లేదు. ఎడమ రొమ్ము మీద చర్మంలో ఉంది. లోపలి నుంచి ఎవరో దారం పట్టుకుని లాగుతున్నట్టు చర్మం కిందికి పోయింది. వేలు పెట్టి నొక్కి చూస్తే చింతగింజంత గట్టి ముద్ద తగిలింది. అటూ ఇటూ కదిపినా జారలేదు. నొప్పి మాత్రం చీమ కుట్టినంత కూడా లేదు.

ఆమెకు భయం వేసింది. మామూలు భయం కాదు. బాహూరులో ఆమె పిన్నమ్మ పట్టమ్మాళ్ వెనక గదిలో పడి ఎనిమిది నెలలు కుళ్ళి చచ్చిపోయింది. రాచపుండు అని ఒకరు, దిష్టి అని ఒకరు అన్నారు. ఒక్కరు కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. సౌభాగ్యానికి అప్పుడు పన్నెండేళ్ళు, ఆ గదిలోకి గంజి తీసుకెళ్ళేది ఆమే. ఆ వాసన ఇరవై ఆరేళ్ళైనా ముక్కులోంచి పోలేదు. నేను ఆ గదిలో చావను అని ఆ రోజే గట్టిగా అనుకుంది.

అత్త ఆండాళమ్మకు చెప్పింది. ఆవిడ కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే తేల్చేసింది.

"అది పాలగడ్డే. వేపాకు నూరి కట్టు."

"బిడ్డకి ఏడేండ్లు అత్తా. పాలు యాడ నుంచి వస్తాయి?"

"నాకు చెప్పొచ్చినావా? నేను ఆరుమందిని కన్నదాన్ని."

ఆరుగురిని కన్న మనిషితో వాదించే దారి ఆ ఇంట్లో లేదు. ఇంకో పద్ధతి కూడా ఆ ఇంట్లో ఉండేది. కాన్పుకు తప్ప ఆడవాళ్ళు ఆసుపత్రి మెట్లెక్కకూడదు. ఒంట్లో బాగోకపోతే ఇంటి మగవాడు వెళ్ళి, డాక్టరుకు చెప్పి, సీసా తెస్తాడు. ఆండాళమ్మ కీళ్ళ నొప్పులకు పన్నెండేళ్ళ నుంచి అలాగే వైద్యం జరుగుతోంది. ఆ డాక్టరు ఆవిడ కీళ్ళు కాదు గదా, ఆవిడ నీడ కూడా చూడలేదు. నొప్పులు అలాగే ఉన్నాయి, సీసాలు వస్తూనే ఉన్నాయి, పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

సౌభాగ్యం మొగుడు వీరరాఘవన్ ఫ్రెంచి కోర్టులో గుమాస్తా. అతనే ఒక శనివారం పెద్దాసుపత్రికి వెళ్ళి, గోధుమరంగు తైలం సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"దినానికి రెండు మాట్లు రుద్దాలంట."

"వాళ్ళకి ఏం చెప్తిరి?"

"ఉండేది చెప్తి. రుద్దుకో."

రుద్దుకుంది. చర్మం మండి ఎర్రగా కందింది. మందు పనిచేస్తోంది కాబోలు అనుకుని పళ్ళు బిగబట్టి ఐదు వారాలు రుద్దుకుంది. చింతగింజ వక్కంతైంది.

దీపావళి ముందు రోజు ఎదురింటి తిలగం తన రవిక కోసం వచ్చింది. అరవమ్మాయి అయినా ఈ ఇంటికొస్తే తెలుగే మాట్లాడేది. కిటికీలో ఉన్న సీసాను చూసి తీసి వాసన చూసింది.

"ఏందక్కా, నీకు మోకాలి నొప్పా? మా ఆయనకి ఆస్పత్రిలో ఇదే ఇచ్చిరి. ఇదే సీసా, ఇదే చీటీ."

సౌభాగ్యం రవిక మడిచి తిలగం చేతికిచ్చి పంపింది. సాయంత్రం వీరరాఘవన్ చెప్పులు విప్పేలోపే సీసా అతని ముందు పెట్టింది.

"ఆ డాక్టరుకి మీరు ఏం చెప్తిరి? ఉండేది ఉండేటట్టు చెప్పండి."

వీరరాఘవన్ సీసాను పక్కకు జరిపాడు. "లైన్లో మా కోర్టువాళ్ళు నలుగురుండిరి," అన్నాడు. "వాళ్ళ ముందర ఆ మాట ఎట్ట చెప్పేది? భుజం నొప్పి అని చెప్తి. భుజానికి దగ్గరే గదా అది."

ఈ వీరరాఘవన్ కోర్టులో రోజూ ఏం చదివేవాడో తెలుసా? రంకు తగాదాలు, పొడుచుకున్న కేసులు, ఎవరి పెళ్ళాం ఎవరితో లేచిపోయిందో ఆ వివరమంతా నిండు కోర్టులో గొంతెత్తి ఫ్రెంచిలో చదివేవాడు. ఒక్కసారి కూడా నోరు తడబడలేదు. అలాంటి మనిషికి తన పెళ్ళాం ఒంటి మీద ఒక చోటి పేరు చెప్పడానికి నోరు రాలేదు. ఆ సిగ్గు అతనిది, మండింది ఆమె ఒళ్ళు.

"ఐదు వారాలు," అంది సౌభాగ్యం. "ఐదు వారాలు నా రొమ్ముకి మోకాలి తైలం రుద్దుకుంటి." ఆ మాట వీధిలోకి వినబడేటట్టే అంది. వీరరాఘవన్ లేచి తలుపు వేశాడు.

దీపావళి అయిన మర్నాడు ఆమె ఒక్కతే పెద్దాసుపత్రికి నడిచింది. వెనక నుంచి ఆండాళమ్మ, "మొగోళ్ళ ముందర రవిక విప్పను పోతాదంట, మానం లేనిది" అని అరుగు మీద నిలబడి పదిమందికీ వినిపించింది. ఆ రోజు నుంచి కోడలి చేతి అన్నం తినడం మానేసి ఆవిడే వేరుగా వండుకుంది. సౌభాగ్యానికి ఒక మనిషి వంట తగ్గింది. అందుకు ఆమె ఏడవలేదు.

ఆసుపత్రిలో దొర డాక్టరుకు అరగంటలో వందమందిని చూసి పెట్టెలు సర్దుకునే తొందర. కాంపౌండరు పద్మనాభన్ ఆమె చెప్పింది ఫ్రెంచిలో చెప్పాడు. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, పైట కూడా తీయించకుండా, దొర రెండు వేళ్ళతో అలా తాకి వదిలేశాడు. నొప్పి ఉందా అని అడిగాడు. లేదంది. అయితే ఏమీ లేదు, ముట్లు ఆగే ముందు ఇలాంటివి మామూలే, ఇంటికి పొమ్మన్నాడు. పడుకున్నప్పుడు ఆ గుంట కనిపించదు. ఆ మాట ఆమె చెప్పబోయేసరికే తరవాతి మనిషి బల్ల ఎక్కింది.

నవంబరు ఒకటో తేదీన జెండా మారింది. టపాసులు, ఊరేగింపులు, మిఠాయిలు. వీరరాఘవన్ మాత్రం తన ఫ్రెంచి ఇక ఎవరికి కావాలని తలపట్టుకుని కూర్చున్నాడు. జెండా మారాక రెండో వారంలో సౌభాగ్యం మళ్ళీ వెళ్ళింది. ఈసారి దొర లేడు, ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. ఫ్రెంచి పోయి ఇంగ్లీషు వచ్చింది, బల్ల మాత్రం అదే, పైట మీంచి రెండు వేళ్ళూ అవే.

"నొప్పి లేదు గదమ్మా. నొప్పి వస్తే రా."

"నొప్పి వచ్చినాక వచ్చేదయితే ఇప్పుడు యాల వస్తి?" అంది సౌభాగ్యం. "పండబెట్టి చూస్తే తెలీదు సార్. నిలబెట్టి చూడండి."

"ఎలా చూడాలో నువ్వు చెప్తావా?" అని కుర్రవాడు ఆమె చీటీ పక్కన పెట్టేశాడు.

బయట పద్మనాభన్ ఆమెను పక్కకు పిలిచాడు. మంచివాడే. మంచివాళ్ళు ఇచ్చే సలహాలు ఇలాగే ఉంటాయి.

"అమ్మా, రొంబ నొప్పి, శానా నొప్పి అని చెప్పు. రాత్రి నిద్ర లేదని ఏడువు. అప్పుడు చూస్తారు."

సౌభాగ్యం ఆ మాట గురించి ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించింది. చెప్పడం ఎంత పని? కానీ ఒక అబద్ధం వల్ల ఇప్పటికే ఐదు వారాలు పోయాయి. నొప్పి ఉందంటే నొప్పికి మందిస్తారు. ఇంకో సీసా వస్తుంది. ముద్ద అక్కడే ఉంటుంది. లేని నొప్పి గురించి ఏడవడం ఆమెకు చేతకాదు కూడా. ఉన్నదాన్నే వాళ్ళ కళ్ళకు కనబడేటట్టు చెయ్యాలి, అంతే.

ఇంట్లో ఆ నెల నరకమే. వీరరాఘవన్, "నా ఉద్యోగం ఉంటాదో పోతాదో తెలీక నేను చస్తావుంటే నీ గోల ఒకటి" అనేవాడు. ఆండాళమ్మ అరుగు మీది నుంచి వచ్చేపోయేవాళ్ళకు కోడలి కథ చెప్పేది. రవికలకు వచ్చే ఆడవాళ్ళలో కొందరు రావడం మానేశారు, అంటుకునే జబ్బేమోనని. ఒకామె సగం కుట్టిన రవికే తీసుకుపోయింది. సౌభాగ్యం రాత్రింబవళ్ళు వేలితో ముద్ద కొలుచుకునేది. ఇప్పుడది వక్కంత కాదు, ఇంకా పెద్దది. అద్దం ముందు చెయ్యెత్తితే గుంట కూడా లోతైంది. ఒక్కోసారి వంటింట్లో ఉండగా పట్టమ్మాళ్ గది వాసన వచ్చేది. పరుగెత్తుకెళ్ళి రవిక విప్పి చూసుకునేది. పుండేమీ ఉండేది కాదు. అప్పుడు ఏడ్చేది, మళ్ళీ మొహం కడుక్కుని మిషను దగ్గర కూర్చునేది.

డిసెంబరులో మదరాసు నుంచి కొత్త సర్జను వచ్చాడని పద్మనాభనే కబురు పంపాడు. పేరు రాజరత్నం. ఆయనకు మర్యాద తక్కువ, చెయ్యి మంచిది అని కూడా చెప్పి పంపాడు. సౌభాగ్యం వెళ్ళేముందు అరచేతి వెడల్పున రెండు బట్టముక్కలు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నడిమధ్య ఒకే చోట గట్టిగా కుట్టి ముడివేసింది. ఆ ముక్క కొంగున కట్టుకుంది.

రాజరత్నం తల ఎత్తలేదు. చీటీ తిరగేసి అరవంలో, "రెండుసార్లు చూశారు గదా. ఏమీ లేదని రాశారు. మళ్ళీ ఎందుకు?" అన్నాడు. పక్కన నర్సు నిలబడి ఉంది. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన అమ్మాయి, లలితకుమారి.

సౌభాగ్యం ఆయన కాగితాల మీద బట్టముక్క పెట్టింది. "ఇది చూడండి సార్. ఊరికే పెడితే బాగుండాది. ఇప్పుడు పైది లాగతా." లాగింది. మధ్యలో గుంట పడింది. "గుంట పైబట్టలో లేదు. లోపల ఏదో పట్టుకోనుండాది. బట్ట తనంతట లోపలికి పోదు. ఇరవై ఏండ్లుగా కుడతావుండా, నాకు తెలుసు."

"నాకు పాఠం చెప్పడానికి వచ్చావా?"

"పాఠం కాదు. మీవాళ్ళు రెండు మాట్లు నన్ను పండబెట్టిరి. పైట మీంచి తాకిరి. ఒకరు కూడా కండ్లతో చూడలా."

అని, ఆయన బల్ల ఎక్కమనేలోపే, తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అని కూడా చూడకుండా, పైట తీసి రవిక విప్పి నిలబడి ఎడమ చెయ్యి తల మీదికి ఎత్తింది. లలితకుమారి గబగబా వెళ్ళి తలుపు మూసింది. రాజరత్నానికి కోపంతో మొహం ఎర్రబడింది. బయటికి పొమ్మనడానికి నోరు తెరిచాడు. అప్పుడు చూశాడు. తెరిచిన నోరు అలాగే మూసుకుని, కుర్చీలోంచి లేచాడు. చేతులు కడుక్కుని వచ్చాడు. చెయ్యి దించమన్నాడు, ఎత్తమన్నాడు, నడుము మీద పెట్టి నొక్కమన్నాడు. చంకలో చాలాసేపు వెతికాడు. క్షమించమని అనలేదు. అలాంటి మనుషులు అనరు.

"ముద్దలోంచి ముక్క తీసి పరీక్షకు మదరాసు పంపించాలి," అన్నాడు.

"ఎప్పుడు?"

"రేపు."

"ఈ దినమే తీయండి," అంది సౌభాగ్యం. ఆ రోజే తీశారు.

మదరాసు నుంచి జవాబు రావడానికి పదహారు రోజులు పట్టింది. జవాబు ఆమెకు ముందే తెలుసు. రాజరత్నం "అదే, రాచపుండే" అన్నాడు. రొమ్ము మొత్తం, కింది కండతో సహా తీసెయ్యాలన్నాడు. చంకలోకి పెద్దగా పాకలేదు, ఇంకా చెయ్యి దాటిపోలేదు, కానీ ఇంకో మూడు నెలలు ఆగి ఉంటే తాను కత్తి పట్టేవాడు కాదన్నాడు. మొగుణ్ణి తీసుకురమ్మన్నాడు. ఆపరేషనుకు మొగుడి సంతకం కావాలి.

వీరరాఘవన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ గదిలో రాజరత్నం, ఆయన వెనక పని నేర్చుకునే కుర్ర డాక్టర్లు ముగ్గురు, కాగితం రాసుకుంటూ లలితకుమారి ఉన్నారు. రాజరత్నం కుర్రవాళ్ళకు పాఠం మొదలుపెట్టాడు. అరవంలోనే చెప్పాడు, సౌభాగ్యానికి ప్రతి ముక్కా అర్థమైంది. "ఈ ఆడవాళ్ళతో ఇదే గొడవ. సిగ్గుపడి దాచుకుంటారు. ముదిరాక వచ్చి కాళ్ళు పట్టుకుంటారు. ఈమెకు ఆగస్టులోనే తెలుసు, ఇప్పుడు జనవరి." అని వీరరాఘవన్ వైపు తిరిగి, "ఏమయ్యా, ఇన్నాళ్ళు ఎందుకు ఆలస్యం చేశారు?" అన్నాడు.

వీరరాఘవన్ తడుముకోలేదు. కోర్టు గొంతుతో అన్నాడు. "సిగ్గుపడి మా దగ్గర దాచిపెట్టింది సార్. ఆడది గదా."

లలితకుమారి కలం కాగితం మీద కదిలింది.

సౌభాగ్యం బల్ల మీద కూర్చుని ఉంది. దిగింది. "ఏం రాసినావు పాపా?" అని నర్సును అడిగింది.

లలితకుమారి డాక్టరు మొహం చూసి, తరవాత ఈమె మొహం చూసి, నెమ్మదిగా తెలుగులో చదివింది. "ఆలస్యానికి కారణం, రోగి సిగ్గుపడి దాచింది, అని రాశానండి."

"కొట్టెయ్."

"ఇది ఆసుపత్రి కాగితం," అన్నాడు రాజరత్నం.

"ఆ కాగితంలో అబద్ధం ఉండాది. నేను దాచలా. తెలిసిన దినమే అత్తకి చెప్తి, ఈయనకి చెప్తి. ఈయన మీ ఆస్పత్రికొచ్చి నాకు భుజం నొప్పి అని చెప్పినాడు. మీరు మోకాలి తైలం ఇస్తిరి. ఐదు వారాలు రుద్దుకుంటి. సిగ్గు నాది కాదు, ఈయనది. తరవాత నేనే వస్తి. రెండు మాట్లు మీవాళ్ళు బట్ట మీంచి తాకి పంపిస్తిరి. రెండు నెలలు మీవి. ఇది రాయండి. రాస్తేనే బల్ల ఎక్కుతా."

కుర్ర డాక్టర్లు నేల చూశారు. వాళ్ళలో ఒకడు నవంబరులో చీటీ పక్కన పెట్టినవాడే. వీరరాఘవన్ "ఇంటికి పోయి మాట్లాడుకుందాం మే" అని గొణిగాడు. ఇంట్లో మాట్లాడుకున్నదానికి ఏ విలువ ఉందో ఆమె ఐదు నెలలుగా చూస్తోంది. కదలలేదు.

రాజరత్నం గడియారం చూసుకున్నాడు. తరవాత నర్సు చేతిలోంచి కాగితం లాక్కుని, రాసింది కొట్టేసి, తానే నిలబడి రెండు వరుసలు రాశాడు. కోపంగానే రాశాడు, కలం గీరుకుంది. కాగితం మళ్ళీ నర్సు ముందు పడేశాడు.

"చదువు పాపా," అంది సౌభాగ్యం.

"ఆయ్, చదువుతున్నానండి." ఆ పిల్ల గొంతు ఈసారి గట్టిగా వచ్చింది. "ఆలస్యానికి కారణం, భర్తకు సిగ్గు. వేరే జబ్బు చెప్పి మందు తీసుకెళ్ళాడు. రోగి తానుగా మూడుసార్లు వచ్చింది, మొదటి రెండుసార్లు సరిగా పరీక్ష చెయ్యలేదు. అంతేనండి. దీని కిందే భర్తగారి సంతకం చెయ్యాలండి."

వీరరాఘవన్ కలం తీసుకోలేదు. "దీని కింద నేను సంతకం పెట్టేదా? గవర్మెంటు కాగితం ఇది. నా పేరు ఏమయ్యేది?"

పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో సౌభాగ్యం మొగుణ్ణి 'మీరు' తప్ప ఇంకో మాట అనలేదు.

"నాకు రొమ్ము పోతావుండాది," అంది. "నీకు పేరు పోతాదా? పోనీ. పెట్టు."

ఫ్రెంచి కాగితాల కింద వంకీలు తిప్పి, కింద రెండు గీతలు గీసి సంతకం పెట్టే వీరరాఘవన్ ఆ రోజు వంకీలు లేకుండా, గీతలు లేకుండా, బడిపిల్లాడిలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాశాడు. చెమట పట్టిన వేలు తగిలి చివరి అక్షరం అలుక్కుపోయింది.

సౌభాగ్యం ఆ సంతకం వంగి చూసింది. తరవాత తనంతట తానే బల్ల ఎక్కి పడుకుంది.

"ఇప్పుడు కొయ్యండి," అంది.